అంతమును దెలిపిన మాటలు

పుట్టిన ప్రతి వస్తువునకును అంతము గలదు. పగలు గడచి రాత్రి యగును. నిండిన చెరువు ఎండును. పుట్టినవాడు గిట్టక తప్పదు. ఈ సత్యము లోకమున నందరకును సమానమే. కాని దానిని నోట బలుకుటకు మాత్రము జనులు జంకుదురు. దీపము ఆరినదనుటకు మారుగా తెలుగు ఇల్లాలు “దీపము కొండెక్కినది” అనును. బియ్యము అయిపోయినవనక “నిండుకొన్నవి” అనును. “చనిపోయెను” అను మాటలో సైతము మరణమను అర్థము మొదట లేదు. చనుట యనగా వెళ్లుట. వెళ్లిపోయెనని మాత్రమే చెప్పి, తక్కినది వినువాని యూహకు విడిచిరి పూర్వులు.

ఇట్టి జంకు ఒక్క తెలుగువారి సొత్తు కాదు. వేయి యేండ్ల క్రిందట ఇంగ్లండు దేశమున నివసించినవారును అట్లే చెప్పుకొనుచుండిరి. వారు వాడిన మాటలలో కొన్ని నశించినవి. కొన్ని రూపుమారి నేటికిని నిలిచియున్నవి. ఆ మాటల చరిత్ర తెలిసికొన్నచో, ఒక జాతి ఎట్టి కష్టములకు లోనై తన భాషను నిలుపుకొన్నదో తెలియును.

అయిదవ శతాబ్దమున ఆంగ్లులు, సాక్సనులు, జూట్లు అను జాతులవారు సముద్రము దాటి వచ్చి బ్రిటను ద్వీపమున స్థిరపడిరి. వారి భాషయే ఆంగ్లభాషకు మూలము. సుమారు 1100వ సంవత్సరము వరకు నుండిన భాషను ప్రాచీనాంగ్లమనియు, అటుపిమ్మట 1500 వరకు నుండిన భాషను మధ్యాంగ్లమనియు పండితులు విభజించిరి. ప్రాచీనాంగ్లమును నేటి ఆంగ్లేయుడు సైతము ప్రత్యేకముగా నభ్యసింపక చదువజాలడు.

అంతమును దెలుపు మాటలలో అతి పురాతనమైనది “ఎండ్” అను పదము. ప్రాచీనాంగ్లమున దానిని “ఎండె” అనిరి. ఈ పదము సంస్కృతమందలి “అంత” శబ్దమునకు సోదరి వంటిది. సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలు ఒకే మూలము నుండి పుట్టియుండవలెనని సర్ విలియం జోన్సు 1786లో కలకత్తా నగరమున ప్రసంగించెను. ఆంగ్లమునకు తల్లియైన జెర్మనిక్ భాషయు ఆ కుటుంబములోనిదేనని తరువాతి పండితులు నిరూపించిరి. తెలుగు ద్రావిడ కుటుంబమునకు చెందిన భాష. అయినను “అంతము” అను మాటను సంస్కృతము నుండి గ్రహించినది. అందుచే తెలుగు బాలుడు కథ చివర “అంతము” అని వ్రాసినను, ఆంగ్ల బాలుడు “ఎండ్” అని వ్రాసినను, ఆ రెండు మాటలును ఒకే వేరు నుండి మొలచినవే. హత్యను దెలుపు “మర్డర్” అను ఆంగ్ల పదమును, “మరణము”, “మృత్యువు” అను పదములును ఇట్లే ఒక మూలమునకు చెందినవి.

ఇక మరణమును వారెట్లు చెప్పిరో చూడవలసియున్నది. ఆల్‌ఫ్రెడ్ మహారాజు పాలనలో, తొమ్మిదవ శతాబ్దపు చివర, దేశచరిత్రను ఏటేట వ్రాయు గ్రంథమొకటి ఆరంభమయ్యెను. దానికి ఆంగ్లో-సాక్సను క్రానికల్ అని పేరు. దాని ప్రతులు పలు మఠములకు చేరగా, అచ్చటి సన్న్యాసులు వానిని పెంచుచు వచ్చిరి. రాజుగాని, మతాధికారిగాని మరణించినప్పుడు వారు తరచుగా వాడిన క్రియ “ఫోర్థ్‌ఫేరన్”. దాని అర్థము “ముందునకు పయనించుట”. తెలుగువారి “చనిపోవుట” వలెనే ఇదియు ప్రయాణమును దెలుపు మాటయే. “ప్రాణమును అప్పగించుట” అను అర్థమిచ్చు పలుకుబడియు వారికి గలదు. అందులో “గాస్ట్” అను పదము ఊపిరిని, ఆత్మను దెలుపును. ఆ పదమే కాలక్రమమున “ఘోస్ట్” అయి, నేడు దయ్యమను అర్థమున వాడబడుచున్నది.

పదవ శతాబ్దమున వ్రాయబడిన ఎక్సెటర్ గ్రంథమున కొన్ని ప్రాచీన కావ్యములు గలవు. వానిలో సంపదను, బంధుమిత్రులను, మానవ జీవితమును “లేనె” అను విశేషణముతో వర్ణించిరి. లేనె యనగా ఎరువు తెచ్చుకొన్నది. అప్పును దెలుపు “లోన్” అను నేటి పదమును దీనికి చుట్టమే. ఎరువు సొమ్మును సొంతదారునకు తిరిగి యీయవలెను గదా! జీవితము శాశ్వతము కాదని చెప్పుటకు ఇంతకంటె చక్కని మాట దొరకుట కష్టము.

మరణమును సూటిగా చెప్పు క్రియలును ఆ భాషలో లేకపోలేదు. “స్టెయోర్వన్”, “స్వెల్టన్”, “క్వెలన్” అను మూడును “మరణించుట” అను అర్థముననే వాడబడినవి. మొదటి దానికి మూలార్థము బిగుసుకొనుటయని పండితుల యభిప్రాయము. క్వెలన్ అనగా చచ్చుట. దాని నుండి పుట్టిన “క్వెల్లన్” అనగా చంపుట. తెలుగున “చచ్చు”, “చంపు” అను జంట ఎట్టిదో ఇదియు నట్టిదే.

ఈ క్రియలన్నియు నుండగా నేటి ఆంగ్లేయులు వాడు “డై” అను క్రియ ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానము యుద్ధముల చరిత్రలో దొరకును. 793వ సంవత్సరమున ఉత్తర దేశపు ఓడదొంగలు లిండిస్‌ఫార్న్ మఠముపై బడి దోచుకొనిరి. 865లో వారి మహాసైన్యము దిగినది. తరువాత వారిలో పలువురు ఉత్తర, తూర్పు ప్రాంతములందు భూములు సాగుచేసికొనుచు స్థిరపడిరి. 1016 నుండి 1035 వరకు డెన్మార్కు వంశీయుడైన కన్యూట్ ఇంగ్లండును పాలించెను. వచ్చినవారి భాషలో మరణించుటను “డెయ్య” అందురు. శత్రువులుగా వచ్చినవారు పొరుగువారైరి, పొరుగువారు చుట్టములైరి. సంతలో, పొలములో, పెండ్లిపందిరిలో రెండు భాషలును కలిసినవి. ఆంగ్లమున “డెత్” అను నామవాచకము, “డెడ్” అను విశేషణము మొదటినుండియు నుండెను. వానికి దగ్గరి చుట్టమైన “డెయ్య” వచ్చి వాని నడుమ సులభముగా నిమిడినది. పండ్రెండవ శతాబ్దము నుండి ఆ క్రియ ఆంగ్ల గ్రంథములలో కనబడుచున్నది. దాని మూలము ఉత్తర దేశపు భాషయేయని పలువురు పండితుల నిర్ణయము.

ఇంతలో మరియొక పెనుగాలి వీచెను. 1066వ సంవత్సరమున నార్మండీ ప్రభువైన విలియము ఇంగ్లండును జయించెను. రాజు, ప్రభువులు, మతాధికారులు ఫ్రెంచి భాషను మాటలాడుచుండిరి. శాసనములు, లెక్కలు లాటినున వ్రాయబడుచుండెను. ఆంగ్లము పొలము దున్నువాని భాషగా మిగిలెను. క్రానికల్ వ్రాయుట ఒక్కొక్క మఠమున నిలిచిపోయినది. పీటర్‌బరో మఠమువారు మాత్రము దానిని విడువలేదు. 1116లో వారి మఠము అగ్నికి ఆహుతి యయ్యెను. అయినను వారు మరియొక ప్రతిని తెప్పించి, 1121 ప్రాంతమున నకలు వ్రాసికొని, చరిత్రను కొనసాగించిరి. ఆ గ్రంథమును 1154వ సంవత్సరముతో ముగిసినది. ఆ యేడు స్టీఫెను రాజు మరణించెను. పూర్వపు లేఖకులు రాజు “ముందునకు పయనించెను” అని వ్రాయగా, ఈ కడపటి లేఖకుడు రాజు “మృతుడయ్యెను” అను అర్థమిచ్చు సామాన్యమైన మాటనే వ్రాసెను. రెండువందల యేండ్లకు పైగా రాజుల మరణములను లిఖించిన గ్రంథము అచ్చట తానును సమాప్తి నొందెను.

ఫ్రెంచి ప్రభువుల వెంట అంతమును దెలుపు క్రొత్త మాటలెన్నో వచ్చినవి. ముగించుటకు “ఫినిష్”, నశించుటకు “పెరిష్”, మానుటకు “సీజ్” అను పదములు ఫ్రెంచి నుండియే వచ్చినవి. మరణమును గౌరవముగా చెప్పుటకు “డిసీజ్” అను పదము వచ్చెను. లాటిను భాషలో దాని మూలార్థము “వెడలిపోవుట”. అనగా ఫోర్థ్‌ఫేరన్ అను పాత మాట తొలగిన చోటికి అదే భావముగల పరదేశపు మాట వచ్చి చేరినదన్నమాట. మాట మారినను మనుష్యుల జంకు మారలేదు.

ఒక పనిని మానుటకు ప్రాచీనాంగ్లమున “బ్లిన్నన్” అను క్రియ యుండెను. మధ్యాంగ్లమున అది కొంతకాలము నిలిచి, పిమ్మట సామాన్య వాడుక నుండి తొలగెను. “స్టింట్” అను మరియొక క్రియ యుండెను. మొద్దుబారజేయుట దాని మొదటి యర్థము. మధ్యాంగ్లమున ఆగుట, మానుట అను నర్థములు కలిగినవి. నేడు “స్టాప్” అను పదము బస్సు నిలుచు చోట సైతము వినబడుచున్నది. దాని మొదటి యర్థము రంధ్రమును పూడ్చుట. కన్నమును మూసినచో నీటిధార ఆగును. ఆ పోలికచే ఆగుట యను నర్థము పదునైదవ శతాబ్దమున దానికి స్థిరపడెను.

క్రొత్త మాటలు సింహాసన మెక్కగా పాత మాటలేమైనవి? అన్నియు చావలేదు. పదవి పోయిన పెద్దలు చిన్న కొలువులలో కుదురుకొన్నట్లు, అవి చిన్న యర్థములతో బ్రదికినవి. స్టెయోర్వన్ అను మాట “స్టార్వ్” అయి, ఆకలిచే మాడుటకు పరిమితమయ్యెను. 1400వ సంవత్సరమున మరణించిన ఛాసర్ మహాకవి దానిని సామాన్యముగా మరణించుట యను అర్థముననే వాడెను. ఇంగ్లండు ఉత్తర ప్రాంతములలో చలిచే బాధపడుటకును ఆ మాటను వాడుదురు. జెర్మను భాషలో దాని సోదరియైన “స్టెర్బెన్” నేటికిని మరణించుటనే తెలుపును. స్వెల్టన్ నుండి “స్వెల్టర్” పుట్టి, ఎండకు ఉడికిపోవుటను దెలుపుచున్నది. క్వెల్లన్ “క్వెల్” అయి, తిరుగుబాటును అణచుట యను నర్థమున మిగిలెను. స్టింట్ అను మాట నేడు పొదుపుగా నిచ్చుటను, పనికి విధించిన గడువును దెలుపుచున్నది. చంద్రుడు దినదినము క్షీణించుటను దెలుపు “వేన్” అను పాత మాట మాత్రము తన పనిని విడువక నిలిచినది.

మాటల గతి యిట్లుండగా భాష గతి యేమయ్యెను? ఆంగ్లమునకును అంతము వచ్చునేమోయని తోచు కాలమున ఇంటింట తల్లులు బిడ్డలతో ఆ భాషనే పలుకుచు వచ్చిరి. 1348లో వచ్చిన మహామారి అసంఖ్యాకులను పొట్టనబెట్టుకొన్నది. ఆ యుత్పాతము గడచిన పిమ్మట, సామాన్యుల భాషకు క్రమముగా విలువ పెరిగెను. న్యాయస్థానములలో వాదములు ఆంగ్లమున జరుగవలెనని 1362లో శాసనమయ్యెను. చిత్రమేమనగా, ఆ శాసనము సైతము ఫ్రెంచి భాషలోనే వ్రాయబడెను! జాన్ కార్న్‌వాల్ అను ఉపాధ్యాయుడు తన బడిలో లాటిను పాఠములను ఫ్రెంచికి బదులు ఆంగ్లమున వివరింప నారంభించెను. 1385 నాటికి దేశమందలి వ్యాకరణ పాఠశాలలన్నియు ఆ మార్గమునే పట్టినవని జాన్ ట్రెవీసా యను రచయిత తెలిపెను. మూడువందల యేండ్లు పొలములో నిలిచిన భాష తిరిగి బడిలో కాలుపెట్టెను.

అప్పటికి ఆంగ్లమున పరదేశపు మాటలు వేలకొలదిగా చేరియుండెను. కాని వానిని తనలో నిముడ్చుకొనుటలో అది తన వ్యాకరణమును విడువలేదు. ఉత్తరమునుండి వచ్చిన “డై” అను క్రియకును, ఫ్రెంచి నుండి వచ్చిన “ఫినిష్” అను క్రియకును భూతకాలమున చేర్చునది ఆంగ్లమునకు సహజమైన ప్రత్యయమే. తెలుగు సైతము ఇట్లే చేసినది. “మరణ” శబ్దము సంస్కృతము. దానికి తెలుగు ప్రత్యయమైన “ఇంచు” చేరగా “మరణించు” అయినది. వచ్చిన మాట ఎక్కడిదైనను, ఇంటి కట్టుబాటునకు లోబడినచో ఇంటిదే యగును.

కావున పరభాషా పదములు చేరినంత మాత్రమున ఒక భాష నశింపదు. మాటలు పుట్టుచుండును, మారుచుండును, మరుగుపడుచుండును. తల్లి ఒడిలో, బడి పలకపై స్థానము గలంత వరకు భాషకు చేటు లేదు. ఆ రెండును తప్పిననాడు దానిని కాపాడుటకు గ్రంథములు మాత్రము చాలవు. పీటర్‌బరో మఠమున కలము ఆగిపోయినను ఆంగ్లము ఆగిపోలేదు. ఏలయన, ఆ దేశపు పల్లెలలో దానిని పలుకు పిల్లలు అప్పటికిని ఉండిరి.