పోలీసు నడుం దిగిన పిస్టల్

అమెరికాలో ఒక ఊరి పోలీసు శాఖ తన పిస్టళ్లన్నీ మార్చేయాలనుకుంటే పాతవి ఏమవుతాయి? దసరా, దీపావళి ఆఫర్లలో మనం పాత టీవీ ఇచ్చి కొత్తది తెచ్చుకున్నట్టే, చాలా శాఖలు పాత పిస్టళ్లను తయారీ కంపెనీకో, హోల్‌సేల్ వ్యాపారికో అప్పగించి, వాటి విలువను కొత్త బిల్లులోంచి తగ్గించుకుంటాయి. పన్నుల డబ్బు మిగులుతుందన్నది వాళ్ల లెక్క. అక్కడి నుంచి అవి లైసెన్సున్న దుకాణాలకు చేరి, 'పోలీస్ ట్రేడ్-ఇన్' అన్న చీటీతో అద్దాల బీరువాల్లో కనిపిస్తాయి.

ఆ చీటీ చూసి ఆగేవాళ్లలో చాలామందికి కావలసింది చౌక బేరం. ఇంకొందరుంటారు. వాళ్లకు కావలసింది ఇరవై ఏళ్లపాటు ఒక ఉద్యోగి నడుముకు వేలాడి, ఎండా వానా చూసి, ఇప్పుడు పని చాలించిన వస్తువు. ఈ కథనం ఆ రెండో రకం కొనుగోలుదారు గురించి. ఆ సేకరణకు విలువ ఉందని నేను నమ్ముతాను. ఒక దేశపు పోలీసు వ్యవస్థ ఎప్పుడు దేనికి భయపడిందో, ఎప్పుడు మనసు మార్చుకుందో ఈ పాత ఇనుములో చదువుకోవచ్చు.

రివాల్వర్ నుంచి గ్లాక్ దాకా

స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1899లో 'మిలిటరీ అండ్ పోలీస్' పేరుతో .38 రివాల్వర్ తెచ్చింది. 1957లో కంపెనీ తన తుపాకులకు నంబర్లు ఇచ్చినప్పటి నుంచి దాన్ని మోడల్ 10 అంటున్నారు. అరవై లక్షలకు పైగా తయారయ్యాయి. దశాబ్దాల పాటు అమెరికా పోలీసు అంటే గుర్తొచ్చే ఆయుధాల్లో ముందు వరస దీనిదే. 1967లో ఇల్లినాయ్ రాష్ట్ర పోలీసులు అదే కంపెనీ 9 ఎంఎం పిస్టల్ మోడల్ 39కి మారినా, మిగతా శాఖలు చాలాకాలం ఆరు తూటాల రివాల్వర్‌నే నమ్ముకున్నాయి.

ఆ నమ్మకాన్ని గట్టిగా కదిలించినవాటిలో 1986 ఏప్రిల్ 11 నాటి మయామీ కాల్పులు ముఖ్యం. ఇద్దరు దోపిడీ దొంగల్ని పట్టుకోబోయిన ఎఫ్‌బీఐ ఏజెంట్లలో ఇద్దరు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. ఒక దొంగకు మొదట్లోనే తగిలిన 9 ఎంఎం తూటా గుండెకు కాస్త ఇవతల ఆగిపోయింది. అతడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. ఇంకా బలమైన తూటా కావాలన్న వెతుకులాట అక్కడ ఊపందుకుంది. ముందు 10 ఎంఎం వచ్చింది. దాని ధాటి ఎక్కువైందనిపించి, స్మిత్ అండ్ వెసన్, వించెస్టర్ కలిసి 1990 జనవరిలో .40 తూటాను బయటపెట్టాయి. కాలిఫోర్నియా హైవే పట్రోల్ ఆ ఏడాదే దాన్ని కాల్చే 4006 పిస్టల్‌ను తీసుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆస్ట్రియా నుంచి వచ్చిన గ్లాక్, జార్జియా రాష్ట్రంలోని స్మిర్నాలో కాపురం పెట్టింది. ప్లాస్టిక్ ఫ్రేమ్, తక్కువ బరువు, విడిగా నొక్కాల్సిన సేఫ్టీ మీట లేని సులువు. పాత ఆయుధాల్ని ఎదురు తీసుకుని కొత్తవి ఇచ్చే బేరాలతో అది శాఖల తలుపులు తెరిపించుకుంది. రివాల్వర్లు పెట్టెలకొద్దీ మార్కెట్లోకి వచ్చాయి. వాటి వెనకే, అంతకు ముందరే కొన్న స్టీలు పిస్టళ్లూ వచ్చాయి. ఎఫ్‌బీఐ 1997లో .40 గ్లాక్‌లు తీసుకుని, 9 ఎంఎం తూటా ఈలోగా బాగా మెరుగుపడిందని తేల్చుకుని 2016లో మళ్లీ దానికే ఒప్పందం చేసుకుంది. చాలా శాఖలు అదే దారి పట్టాయి. ఈ పదేళ్లలో దుకాణాల్లో .40 గ్లాక్‌లు అంతగా కనిపించడానికి కారణం అదే. అవి బోలెడన్ని ఉన్నాయి కాబట్టి సేకరణకు ఇప్పట్లో పెద్ద విలువ రాదు. వాడుకోవడానికి కొనేవాళ్లకే అవి లాభం.

నా ఓటు మధ్యకాలపు స్టీలు పిస్టళ్లకు, అంటే స్మిత్ అండ్ వెసన్ 'మూడో తరం' అనే 5906, 4006, 5946ల కుటుంబానికి. ఆ నాలుగంకెల్లో ఒక లెక్క ఉంది. మొదటి రెండంకెలు తూటానూ మోడల్‌నూ చెబుతాయి: 59 అంటే 9 ఎంఎం, 40 అంటే .40, 45 అంటే .45. మూడో అంకె సైజూ ట్రిగ్గర్ పనితీరూ చెబుతుంది. అక్కడ 4 ఉంటే ప్రతిసారీ ట్రిగ్గర్‌ను బరువుగా పూర్తిగా లాగాల్సిన రకం. చివరి అంకె లోహం: 6 అంటే మొత్తం స్టెయిన్‌లెస్ స్టీల్, 3 అంటే ఫ్రేము అల్యూమినియం. న్యూయార్క్ నగర పోలీసులు 1993లో రివాల్వర్ల నుంచి మారినప్పుడు అనుమతించిన మూడు పిస్టళ్లలో 5946 ఒకటి. కెనడా రాయల్ మౌంటెడ్ పోలీసులూ దాన్నే ఎంచుకున్నారు. ఖాళీగానే కిలోకు పైగా తూగే ఈ పిస్టళ్లు 2010ల తొలినాళ్లకల్లా కంపెనీ కేటలాగు నుంచి తప్పుకున్నాయి.

ఇందులో ఒక ఏర్పాటు పోలీసు ఉద్యోగపు ప్రమాదాన్ని కళ్లకు కడుతుంది. తూటాలుండే మ్యాగజైన్ బయటికి తీస్తే, గొట్టంలో తూటా ఉన్నా పిస్టల్ పేలదు. పెనుగులాటలో నిందితుడి చెయ్యి పిస్టల్ మీద పడితే, పోలీసు బొటనవేలితో మ్యాగజైన్ జారవిడిచి దాన్ని పనికిరాకుండా చెయ్యొచ్చు. ఇది నచ్చని కొన్ని శాఖలు దాన్ని తీసేయించాయి. అందుకే కొనేముందు అది ఉందో లేదో దుకాణదారుతో చూపించుకోవాలి. ఉన్నా సరే, దాన్ని నమ్మి నిర్లక్ష్యం చెయ్యకూడదు. తుపాకీ ఎప్పుడూ నిండుగా ఉందనే అనుకోవాలి.

అరుగుదలను చదవడం

1970ల నాటి మోడల్ 10 ఒకటి చేతిలోకి తీసుకుందాం. గొట్టం మూతి చుట్టూ నల్లని పూత పోయి తెల్లటి ఉంగరంలా లోహం కనిపిస్తుంది. తూటాలుండే సిలిండర్ అంచులూ అంతే. అది రోజూ తోలు ఒరలోంచి తీసి, మళ్లీ పెట్టిన గుర్తు. పిడి కుడివైపు వాల్‌నట్ చెక్క మీద చిన్నచిన్న నొక్కులు ఉంటాయి. కుడి నడుముకు కట్టుకున్నవాడికి బయటివైపు ఉండేది ఆ పక్కే. కారు తలుపు, కుర్చీ చేయి, గోడ మూల, అన్నీ దానికే తగిలాయి. ఎడమవైపు చెక్క సాధారణంగా నున్నగానే ఉంటుంది. ఇప్పుడు సిలిండర్ పక్కకు తీసి గొట్టంలోకి వెలుతురు వేసి చూడండి. లోపలి గాడులు కొత్తవాటిలా మెరుస్తుంటాయి. చాలామంది పోలీసులు ఉద్యోగమంతా కాల్పుల పరీక్షల్లో తప్ప పిస్టల్ పేల్చరు. మోసింది ఎక్కువ, పేల్చింది తక్కువ. పోలీసు పిస్టల్ సహజ లక్షణం ఇదే.

బయట కొత్తగా మెరుస్తూ లోపల అరిగినదైతే అనుమానించాలి. ఎవరో మళ్లీ పూత వేయించారు. పాత పూతతో పాటు చరిత్రా పోయింది, విలువా పోయింది. తెలియక ఈ పని చేసేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. దయచేసి పాత పూతను ముట్టుకోకండి. తుప్పు పట్టకుండా పల్చగా నూనె రాస్తే చాలు.

పిస్టళ్లలో ఇంకొన్ని చూడాలి. రాత్రిపూట వెలిగే గురిచుక్కల్లో ట్రిటియం ఉంటుంది. పన్నెండేళ్ల పైచిలుకుకు దాని వెలుగు సగమవుతుంది. మసకబారితే అది లోపం కాదు, వయసు. స్ప్రింగులు మార్చుకోవచ్చు, కానీ పాతవి పారేయకుండా సంచిలో వేసి పేరు రాసి ఉంచాలి. మ్యాగజైన్ల మీదా కన్నేయండి. 1994 నుంచి 2004 దాకా అమలైన చట్టం పదికి మించి తూటాలు పట్టే కొత్త మ్యాగజైన్లను మామూలు జనానికి అమ్మనివ్వలేదు. ఆ పదేళ్లలో పోలీసుల కోసం తయారైనవాటిపై 'చట్ట అమలు సంస్థలకు మాత్రమే' అనే అర్థం వచ్చే ముద్ర ఉంటుంది. ఆ ముద్రతో ఉన్న మ్యాగజైన్, అదే కాలపు పిస్టల్‌తో జతగా దొరికితే వదులుకోవద్దు. అయితే కొన్ని రాష్ట్రాల్లో అలాంటి పెద్ద మ్యాగజైన్లపై నిషేధం ఇప్పటికీ ఉంది. ముందు మీ రాష్ట్ర చట్టం చూసుకోండి.

కాగితం లేని కథ

ఈ వ్యాపారంలో ఎక్కువ మోసం కథల దగ్గరే జరుగుతుంది. 'ఇది ఫలానా కేసులో వాడిన పిస్టల్' అంటారు. ఆధారం అడిగితే నవ్వుతారు. శాఖ పేరో, పొట్టి అక్షరాలో, ఆయుధాగారం నంబరో చెక్కి ఉంటే అది మొదటి ఆధారం. చెక్కడమూ నకిలీ కావచ్చు కాబట్టి రెండోది కావాలి. స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ రుసుము తీసుకుని, ఫలానా సీరియల్ నంబరున్న ఆయుధం ఫ్యాక్టరీ నుంచి ఎప్పుడు, ఎవరికి వెళ్లిందో పాత రికార్డులు చూసి ఉత్తరం ఇస్తుంది. కోల్ట్ కంపెనీ ఆర్కైవ్స్ కూడా ఇస్తుంది. ఆ ఉత్తరంలో పోలీసు శాఖ పేరుంటే మీ చేతిలో చరిత్ర ఉన్నట్టు. లేకపోతే ఉన్నది మంచి పాత తుపాకీ. దానికి తగ్గ ధరే ఇవ్వండి. సీరియల్ నంబరు చెరిపేసి ఉంటే మాత్రం ముట్టుకోనే వద్దు. అది దగ్గర ఉండటమే ఫెడరల్ నేరం.

కాగితాలు పోగెయ్యడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఇంకో కారణం ఉంది. సీబీఎస్ న్యూస్, ద ట్రేస్, రివీల్ పాత్రికేయులు కలిసి 2024లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 2006 నుంచి 52 వేలకు పైగా ఒకప్పటి పోలీసు తుపాకులు నేరాల దర్యాప్తుల్లో దొరికాయి. పోగొట్టుకున్నవీ, దొంగల పాలైనవీ అందులో ఉన్నాయి. శాఖలే మార్కెట్లోకి వదిలినవీ చాలా ఉన్నాయి. అందుకే కొన్ని నగరాలు పాతవాటిని అమ్మకుండా ధ్వంసం చేస్తున్నాయి. సేకరించేవాడి ముచ్చట కన్నా ఇది బరువైన మాట. ధ్వంసం చేసే శాఖను నేను తప్పు పట్టను. కొన్నవాడి మీదా బాధ్యత ఉంది: ఇనప్పెట్టెలో తాళం వేసి ఉంచాలి, అమ్మితే డీలర్ ద్వారానే అమ్మాలి. చాలా రాష్ట్రాల్లో ఇద్దరు వ్యక్తులు నేర చరిత్ర తనిఖీ లేకుండానే ఇచ్చిపుచ్చుకోవచ్చు. చట్టం ఒప్పుకున్నా ఆ పని చెయ్యకండి.

అమెరికాలో మనవాళ్లకు

డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి, ఫారం 4473 నింపాలి, ఎఫ్‌బీఐ నడిపే తనిఖీ వ్యవస్థ ఒప్పుకోవాలి. వేరే రాష్ట్రంలో నచ్చితే మీ రాష్ట్రపు డీలర్ చేతికి రప్పించుకోవాలి. యాభై ఏళ్లు దాటిన ఆయుధాలు సేకరించేవాళ్లకు 'క్యూరియో అండ్ రెలిక్' లైసెన్స్ ఉంది. మూడేళ్లకు 30 డాలర్లు. రాష్ట్ర చట్టం అడ్డు చెప్పకపోతే అలాంటివి నేరుగా ఇంటికే వస్తాయి.

ఇదంతా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు. హెచ్-1బీ మీద ఉద్యోగం చేసేవాళ్లు, ఎఫ్-1 మీద చదివే పిల్లలు, మనవల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు, వీళ్లెవరూ ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. సరదాగా షూటింగ్ రేంజికి వెళ్లినా ఇదే వర్తిస్తుంది. 'అన్నా, నీకు గ్రీన్‌కార్డు ఉందిగా, నా కోసం నీ పేరు మీద కొనిపెట్టు' అని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. ఇద్దరూ నేరస్థులవుతారు, శిక్ష పదిహేనేళ్ల దాకా పడొచ్చు, వీసా సంగతి సరేసరి.

కొన్న పిస్టల్‌ను హైదరాబాద్‌కో, విజయవాడకో తెచ్చి బంధువులకు చూపించాలన్న ఆశ అసలే వద్దు. 9 ఎంఎం, .38 రెండూ మన ఆయుధ చట్టంలో పౌరులకు నిషేధించిన రకాలు. రేంజికి వాడిన బ్యాగును ఇండియా ప్రయాణానికి వాడకండి. దాని అరలో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపిస్తే, విమానం ఎక్కాల్సినవాళ్లు పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతారు.