రెండు రేసులు ఒక్కటైన కథ

కారు రేసు అనగానే మనలో చాలామందికి గుర్తుకొచ్చేది ఫార్ములా వన్. 2005లో మన దేశం నుంచి మొట్టమొదటిసారిగా నారాయణ్ కార్తికేయన్ అందులో దిగినప్పుడు పేపర్లన్నీ రాశాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ ఎలక్ట్రిక్ కార్లు పరుగెత్తాయి. ఇవన్నీ చక్రాలు బయటికి కనిపించే ఒంటి సీటు బండ్లు. నేను చెప్పబోయేది వీటి గురించి కాదు, స్పోర్ట్స్ కార్ల గురించి. వీటికి చక్రాల మీద కప్పు ఉంటుంది, రాత్రిపూట నడపడానికి లైట్లు ఉంటాయి. ఒక్కో కారును ఇద్దరు, ముగ్గురు, ఒక్కోసారి నలుగురు డ్రైవర్లు వంతులవారీగా నడుపుతారు. రేసు గంటన్నరకు ముగియవచ్చు, 24 గంటలూ సాగవచ్చు.

సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు, ఐ.టి.ఐ.లోనూ పాలిటెక్నిక్‌లోనూ మెకానికల్, ఆటోమొబైల్ చదువుతున్నవారికి పనికొచ్చే విషయం రాద్దామనుకున్నాను. అమెరికాలో 2014 సీజన్‌కు జరిగిన మార్పులు అందుకు తగినవని తోచింది. ఇంజను, బ్రేకు, టైరు, గాలి ఒత్తిడి, డబ్బు, పంతాలు అన్నీ ఇందులో ఉన్నాయి.

ముందు కొంచెం చరిత్ర. అమెరికాలో ఈ రేసులు నడిపే సంస్థ పేరు ఇమ్సా. దీన్ని 1969లో జాన్ బిషప్, ఆయన భార్య పెగ్గీ కలిసి పెట్టారు. వెనుక నాస్కార్ సంస్థను స్థాపించిన బిల్ ఫ్రాన్స్ అండ ఉంది. చాలాకాలం బాగానే నడిచింది. 1990లలో యాజమాన్యాలు చేతులు మారి, గొడవలు ముదిరి, చివరకు ఇల్లు రెండయింది. 1999లో డాన్ పానోజ్ అనే వ్యాపారి ‘అమెరికన్ లెమాన్ సిరీస్’ మొదలుపెట్టాడు. సిగరెట్ మానాలనుకునేవారు చర్మానికి అంటించుకునే నికోటిన్ పట్టీ ఉంది చూశారా, దాని వెనుక ఉన్న మందుల కంపెనీ ఆయనదే. ఫ్రాన్స్‌లోని లెమాన్ ఊళ్ళో 1923 నుంచి జరుగుతున్న 24 గంటల రేసు నియమాలనే ఆయన తెచ్చుకున్నాడు. ఇంకోవైపు డేటోనా ట్రాక్ వాళ్ళు 2000లో ‘గ్రాండ్-యామ్’ పేరుతో తమ సొంత చాంపియన్‌షిప్ నడపడం మొదలుపెట్టారు.

ఇక అక్కడి నుంచి పద్నాలుగేళ్ళు ఒకే దేశంలో రెండు జాతీయ చాంపియన్‌షిప్‌లు. సెబ్రింగ్ 12 గంటల రేసు ఒకరి దగ్గర, డేటోనా 24 గంటల రేసు ఇంకొకరి దగ్గర. చూసే జనం రెండుగా చీలారు. స్పాన్సర్లు రెండుగా చీలారు. ఊరికి ఒకటే జాతర ఉండాల్సింది, పెద్దల పంతానికి రెండు తేదీల్లో రెండు జాతరలు జరిగితే రెండూ వెలవెలబోతాయి కదా, అలాగన్నమాట.

కార్లు కూడా రెండు దారులు పట్టాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది కాబట్టి దీన్ని కొంచెం వివరంగా చూద్దాం. లెమాన్ పద్ధతి వారి పి-2 కారు ఒళ్ళంతా కార్బన్ ఫైబర్. తేలిక. మలుపుల్లో గాలి దాన్ని నేలకు అదిమి పట్టి ఉంచుతుంది కాబట్టి వేగం తగ్గించకుండా తిరగగలదు. గ్రాండ్-యామ్ వారు 2003లో తెచ్చిన ‘డేటోనా ప్రోటోటైప్’ దీనికి పూర్తిగా వేరు. స్టీలు గొట్టాలను వెల్డింగ్ చేసి కట్టిన చట్రం, అందులో పెద్ద ఇంజను. బరువెక్కువ, రూపం మొరటు. కానీ దెబ్బ తగిలితే మామూలు షెడ్డులో కూడా గొట్టం కోసి మళ్ళీ అతికించుకోవచ్చు. ఖర్చు తగ్గించడం కోసమే దాన్ని అలా చేశారు. చిన్న జట్లు కూడా బతకాలని చేసిన ఏర్పాటు అది. లెమాన్ అభిమానులు దాన్ని చూసి నవ్వేవారు. నాకు మాత్రం ఆ ఆలోచన నచ్చుతుంది. రిపేరు చేసుకోలేని యంత్రం డబ్బున్నవాడికే గాని మనకెందుకు?

2012 సెప్టెంబరు 5న డేటోనాలో రెండు వర్గాలూ ఒకే వేదిక ఎక్కి, 2014 నుంచి ఒకటే చాంపియన్‌షిప్ ఉంటుందని ప్రకటించాయి. మాటకు కలయిక అన్నారు గాని, డేటోనా వర్గం పానోజ్ వ్యాపారాన్ని కొనేసిందన్నది అసలు సంగతి. పాత ఇమ్సా పేరును మాత్రం నిలబెట్టారు. కొత్త పోటీకి యునైటెడ్ స్పోర్ట్స్‌కార్ చాంపియన్‌షిప్ అని పేరు పెట్టారు. ట్యూడర్ వాచీల కంపెనీ పేరు ముందు చేరింది.

ఇప్పుడు ప్రశ్న. రెండు వైపులా ఉన్న కార్లను ఏం చేయాలి?

మన కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల బండలాగుడు పోటీలు చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ ఒంగోలు గిత్తలను పళ్ళను బట్టి విభాగాలు చేస్తారు. పాలపళ్ళవి, రెండు పళ్ళవి, నాలుగు పళ్ళవి, ఆరు పళ్ళవి, ఆపైన సీనియర్లు. పాలపళ్ళ గిత్తను తీసుకొచ్చి సీనియర్ జత పక్కన కట్టరు. స్పోర్ట్స్ కార్లలోనూ ఇలాగే విభాగాలు ఉంటాయి, ఏ విభాగానికి ఆ విభాగంలో బహుమతి ఉంటుంది. తేడా ఒక్కటే. అక్కడ అన్ని విభాగాలనూ ఒకేసారి ఒకే ట్రాక్ మీదికి వదులుతారు! వేగం గలవి వేగం తక్కువ వాటిని దాటుకుంటూ పోవాలి, రాత్రి అయినా, వాన అయినా.

2014కి నాలుగు విభాగాలు చేశారు. అన్నిటికంటే పైన ప్రోటోటైప్. దాని కింద అందరికీ ఒకే రకం కారు ఉండే ప్రోటోటైప్ చాలెంజ్. తర్వాత కోర్వెట్, పోర్షే, ఫెరారీ, బి.ఎం.డబ్ల్యు., వైపర్ లాంటి కంపెనీల కార్లు పోటీపడే జి.టి. లెమాన్. చివరిది జి.టి. డేటోనా. పాత అమెరికన్ లెమాన్ సిరీస్‌లో అన్నిటికంటే వేగమైన పి-1 విభాగానికి ఇందులో చోటే ఇవ్వలేదు. అవి అప్పటికే నాలుగు కార్లు కూడా సరిగా రాని స్థితిలో ఉన్నాయి, తీసేయడం తప్పలేదనుకోండి. అయినా అంత ఖరీదు పెట్టి కొన్న కారు ఒక కాగితంతో షెడ్డుకు పరిమితమైతే ఆ యజమానికి ఎలా ఉంటుంది!

పైన ఉన్న ప్రోటోటైప్ విభాగంలోనే అసలు పరీక్ష. తేలికైన పి-2, బరువైన డేటోనా ప్రోటోటైప్ రెండింటినీ ఒకే బహుమతి కోసం పోటీకి దింపారు. పి-2 కారు లెమాన్ నియమాలకు కట్టుబడి తయారైనది, దాన్ని ఎక్కువగా మార్చడానికి లేదు. అందుచేత డేటోనా ప్రోటోటైప్‌ను పైకి లేపారు. ఇంజనుకు శక్తి పెంచనిచ్చారు. కార్బన్ బ్రేకులు ఇచ్చారు. వెనుక రెక్క మార్చారు. కారు అడుగున గాలిని లాగి నేలకు అదిమే డిఫ్యూజర్ పెట్టనిచ్చారు. ఈ మార్పుల ఖర్చంతా జట్లదే. తక్కువ ఖర్చు కోసం పుట్టిన కారుకు ఖరీదైన భాగాలు వచ్చి చేరాయి.

ఇలా వేర్వేరు కార్లను సమానం చేసే పద్ధతిని ‘బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్’ అంటారు. మన మెకానికల్ తమ్ముళ్ళు శ్రద్ధగా చదవాల్సింది ఇదే. ఇంజను శక్తి అది పీల్చే గాలిని బట్టి ఉంటుంది. గాలి వెళ్ళే దారిలో నిర్ణీత కొలత గల రంధ్రం ఉన్న బిళ్ళ పెడితే, డ్రైవరు ఎంత తొక్కినా శక్తి ఆ హద్దు దాటదు. టర్బో ఇంజనైతే టర్బో ఒత్తిడికి హద్దు పెడతారు. కారు మరీ వేగంగా ఉంటే బరువు కడతారు. పెట్రోలు ట్యాంకు చిన్నది చేస్తే ఎక్కువసార్లు పిట్‌లోకి రావాలి. పెట్రోలు పోసే గొట్టంలో సందు తగ్గిస్తే ఆగిన ప్రతిసారీ కొన్ని సెకన్లు పోతాయి. 24 గంటల్లో ఆ సెకన్లన్నీ కూడితే నిమిషాలవుతాయి.

చూడ్డానికి న్యాయంగానే ఉంది. కానీ ఏ ట్రాక్ మీద సమానం చేయాలి? డేటోనా ట్రాక్ చుట్టు కొలత 5.7 కిలోమీటర్లు. అందులో కొంత భాగం 31 డిగ్రీల వాలు గల గోడలాంటి మలుపుల మీద, తొక్కిన యాక్సిలరేటర్ ఎత్తకుండా పోవడమే. అక్కడ పెద్ద ఇంజనుదే రాజ్యం. లగూనా సెకా లాంటి మెలికల ట్రాక్ మీద తేలిక కారుకు మేలు. ఒకచోట సమానమైనవి ఇంకోచోట సమానం కావు. దీనికితోడు జట్ల తెలివి ఒకటి. పరీక్షల్లో కావాలనే నెమ్మదిగా నడిపి, అధికారులు జాలిపడి సడలింపు ఇచ్చాక రేసులో అసలు వేగం చూపిస్తారు. పరీక్షకు ముందు ‘నేనేమీ చదవలేదురా’ అని చెప్పి ఫస్టు వచ్చేవాడు ప్రతి హాస్టల్లోనూ ఉంటాడు గదా.

2014 జనవరి 25న డేటోనాలో 67 కార్లతో కొత్త చాంపియన్‌షిప్ మొదలైంది. మూడు గంటలు కాకముందే ఘోరం జరిగింది. సాయంత్రపు ఎండ సూటిగా కళ్ళలో పడుతున్న వేళ, శక్తి కోల్పోయి నెమ్మదించిన ఒక ఫెరారీని మెమో గిడ్లీ నడుపుతున్న డేటోనా ప్రోటోటైప్ పూర్తి వేగంతో వెనుక నుంచి గుద్దింది. రేసు ఆపేశారు. ఇద్దరు డ్రైవర్లూ ప్రాణాలతో బయటపడ్డారు గాని, గిడ్లీ కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. వేగాల్లో తేడా ఉన్న కార్లను కలిపి వదలడంలో ఉన్న ప్రమాదం ఏమిటో మొదటిరోజే తెలిసొచ్చింది.

మర్నాడు గెలిచింది యాక్షన్ ఎక్స్‌ప్రెస్ జట్టువారి కోర్వెట్ డేటోనా ప్రోటోటైప్. జావో బార్బోసా, క్రిస్టియన్ ఫిటిపాల్డి, సెబాస్టియన్ బూర్డే నడిపారు. 695 చుట్లు, అంటే దాదాపు 3,980 కిలోమీటర్లు పరుగెత్తాక రెండో కారుతో తేడా ఒకటిన్నర సెకను! మొదటి మూడు స్థానాలూ డేటోనా ప్రోటోటైప్‌లవే. సెబ్రింగ్‌లో గెలిచినదీ అదే రకం. పి-2 వాళ్ళు ‘ఇదేం సమానం?’ అన్నారు. మే నెలలో లగూనా సెకాలో ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ జట్టు పి-2 కారు గెలిచింది. అప్పుడు ఇటువైపు వాళ్ళు అదే ప్రశ్న అడిగారు.

అధికారులకు కూడా ఆ ఏడు పరీక్షే అయింది. డేటోనాలో జి.టి. డేటోనా విభాగంలో ఆఖరి చుట్టులో ఫెరారీ, ఆడి ఒరుసుకున్నాయి. ఫెరారీది తప్పని ఆడిని విజేతగా ప్రకటించారు. కొన్ని గంటల తర్వాత ఆ శిక్ష రద్దుచేసి, గెలుపు తిరిగి ఫెరారీకే ఇచ్చారు. సెబ్రింగ్‌లో ఒక కారు చేసిన తప్పుకు ఇంకో కారును శిక్షించి, తర్వాత పొరపాటు ఒప్పుకున్నారు. రెండు ఆఫీసుల సిబ్బందిని ఒక గదిలో కూర్చోబెట్టినంత మాత్రాన ఒక ఆఫీసు అయిపోదు మరి.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ రేసుల్లో డ్రైవర్లకు ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు గ్రేడులు ఉంటాయి. పై రెండూ జీతం తీసుకుని నడిపేవారికి. కింది రెండింటిలో కుర్రవాళ్ళూ ఉంటారు, సొంత వ్యాపారాల్లో సంపాదించి సరదాకు నడిపేవారూ ఉంటారు. కింది విభాగాల్లో ప్రతి కారులోనూ అలాంటి ఒకరు తప్పనిసరిగా ఇంతసేపు నడపాలని నియమం. ఎందుకంటే చాలాచోట్ల జట్టు ఖర్చు భరించేది ఆయనే. మెకానిక్కుల జీతాలు ఆయన చేతిలో నుంచే రావాలి. ఆయనకు ఆట నచ్చకపోతే మర్నాడు షెడ్డుకు తాళం పడుతుంది. కంపెనీల జట్లదీ ఇంచుమించు ఇదే వరస. 2014లో జి.టి. లెమాన్ డ్రైవర్ టైటిల్ గెలిచినవాడు వైపర్ నడిపిన కూనో విట్మర్. ఆ సీజన్ అయ్యీ కాకముందే డాడ్జ్ కంపెనీ ఆ జట్టును మూసేసింది.

తర్వాతి సంగతులు త్వరగా చెబుతాను. 2014, 2015, 2016 మూడు సీజన్లలోనూ పై విభాగం టైటిల్ యాక్షన్ ఎక్స్‌ప్రెస్ డేటోనా ప్రోటోటైప్‌లకే వెళ్ళింది. ఎక్స్‌ట్రీమ్ స్పీడ్ జట్టు 2015లో ప్రపంచ చాంపియన్‌షిప్ వైపు వెళ్ళింది. 2016లో తిరిగి వచ్చి పి-2 కారుతో డేటోనా, సెబ్రింగ్ రెండూ గెలిచింది. డేటోనా 24 గంటల్లో పి-2 కారు మొత్తం మీద మొదటి స్థానంలో రావడం అదే ప్రథమం. 2017లో స్టీలు గొట్టాల కార్లకు సెలవిచ్చి, పి-2 చట్రం మీద కంపెనీలు తమ ఇంజను, తమ రూపం పెట్టుకునే డి.పి.ఐ. అనే కొత్త రకం తెచ్చారు. 2022లో జి.టి. లెమాన్ విభాగాన్నీ ఎత్తేశారు.

2023లో వచ్చిన మార్పు వీటన్నిటికంటే పెద్దది. పై విభాగానికి జి.టి.పి. అని పాత పేరు మళ్ళీ పెట్టి, హైబ్రిడ్ కార్లు తెచ్చారు. వీటిలో ఎక్కువ భాగం ఎల్.ఎం.డి.హెచ్. అనే రకం. చట్రం నాలుగు కంపెనీల్లో ఒకరి దగ్గర కొనాలి. బ్యాటరీ, మోటారు, గేరుబాక్సు అందరికీ ఒకటే. ఇంజను, పైరూపం మాత్రం ఎవరివి వారివి. అన్నిటికంటే ముఖ్యం, అదే కారు డేటోనాలోనూ నడుస్తుంది, లెమాన్‌లోనూ నడుస్తుంది. 1999లో విడిపోయిన రెండు దారులు ఇలా కలిశాయి.

సమానం చేసే తగువు మాత్రం తీరలేదు. ఆ కొత్త కార్ల మొదటి రేసు, 2023 డేటోనా, మేయర్ షాంక్ జట్టు అక్యూరా కారు గెలిచింది. టైర్లలో ఉండవలసిన కనీస గాలి ఒత్తిడి విషయంలో ఆ జట్టు అధికారులకు పంపిన లెక్కలు మార్చి పంపినట్టు తర్వాత బయటపడింది. బయటపెట్టింది ప్రత్యర్థులు కాదు, ఆ కారు తయారుచేసిన హోండా వాళ్ళ రేసింగ్ విభాగమే. మార్చి నెలలో ఇమ్సా ఆ జట్టుకు 200 పాయింట్లు కోత వేసి, 50,000 డాలర్లు జరిమానా విధించింది. గెలుపును మాత్రం రద్దు చేయలేదు. డేటోనాలో గెలిచినవారికి రోలెక్స్ వాచీ ఇవ్వడం ఆనవాయితీ. ఆ నలుగురు డ్రైవర్ల వాచీలూ వారి దగ్గరే ఉన్నాయి. డ్రైవర్ల తప్పు లేదు కాబట్టి వాచీలు ఉంచుకోవచ్చు, గెలుపును మాత్రం రద్దు చేయాల్సిందని నా అభిప్రాయం. కాదనే తమ్ముళ్ళు ఉంటే వార్షికోత్సవం రోజున భోజనాల దగ్గర కలవండి, వాదించుకుందాం.