తీగపాకంలాంటి గాజు

కోడుమూరు బస్టాండులో ఒకసారి పదేళ్ల పిల్లోడికి ఫిట్స్ వచ్చింది. చెరుకురసం బండి పక్కన నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. "బీగాలుంటే ఇయ్యప్పా!" అని ఎవరో అరిచారు. అంగడాయన ఒకరు మొలలోని బీగాలగుత్తి తీసి వాడి పిడికిట్లో కుక్కాడు. రెండు నిమిషాలకు కొట్టుకోవడం ఆగింది. పేరు ఇనుముకు దక్కింది. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. అప్పుడు చేతిలో బీగాలున్నా బెల్లమున్నా ఒకటే. పక్కకు ఒత్తిగిలబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా ఉండాలి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలి.

నన్ను తొలిచిన ప్రశ్న వేరు. మిగతా రోజుల్లో మెదడులో ఆ గోల ఎందుకు రేగదు? చెవికి లోపలివైపు, మెదడు అడుగున హిప్పోకాంపస్ ఉంటుంది. సముద్రపు గుర్రం చేపలా వంపు తిరిగి ఉంటుందని ఆ పేరు. జ్ఞాపకాలకు ఆయువుపట్టు అది, మూర్ఛలు తరచుగా మొదలయ్యే చోటూ అదే. అక్కడి పిరమిడ్ కణాలు ఒకదాన్నొకటి రెచ్చగొడుతుంటాయి. మధ్యలో వాటిని అణిచే కొద్దిపాటి నిరోధక కణాలు ఉంటాయి. ఎవరిని ఎవరు కదిలిస్తున్నారో వినాలంటే ఒక్కో కణం దగ్గర చెవి పెట్టాలి. ఆ చెవి గాజుది.

1949లో చికాగోలో గిల్బర్ట్ లింగ్, రాల్ఫ్ గెరార్డ్ కప్ప కండరంలోకి గాజుసూది దింపారు. మొన అర మైక్రాను కూడా లేదు. గుచ్చినా కణం చావలేదు. 1963లో ఆండర్సన్, ఎక్లీస్, లోయ్నింగ్ అలాంటి సూదినే పిల్లి హిప్పోకాంపస్‌లో దింపితే వింత కనబడింది: పిరమిడ్ కణాలు పేలాక వాటి నోరు చాలాసేపు మూతపడుతోంది. వాటి చుట్టూ బుట్టలా కొమ్మలల్లే కణాలే ఆ పని చేస్తున్నాయని వాళ్లు పోల్చుకున్నారు.

గుచ్చే సూదికి గరగర ఎక్కువ. చిన్న మాట వినపడదు. 1976లో జర్మనీలోని గ్యోటింగెన్‌లో ఎర్విన్ నేయర్, బెర్ట్ సాక్మన్ గుచ్చడం మానేసి, గాజుగొట్టం మూతిని కణం ఒంటికి ఆనించారు. కణం పొరలోని ఒకే ఒక్క ద్వారంలోంచి పారే కరెంటు, అంటే ఆంపియరులో లక్ష కోట్లో వంతు పాటిది, తెర మీద మెట్టులా లేచి పడింది.

ఆ గొట్టం తయారీ చూడాల్సిందే. సన్నటి గాజుగొట్టాన్ని రెండు కొసలా బిగించి, నడుమ తీగచుట్టను ఎర్రగా కాలుస్తారు. గాజు మెత్తబడి తీగపాకంలా సాగుతుంది, సాగి పుటుక్కున తెగుతుంది. రెండు గొట్టాలు తయారు, మొన మైక్రాను ఒకటో రెండో. వెనక కట్టిన ట్యూబులోకి నోటితో ఊదుతూ గొట్టాన్ని కణం దాకా తీసుకెళతారు, మొనకు మురికి అంటకుండా. కణం తగిలి కాస్త గుంట పడగానే ఊదడం ఆపి మెల్లగా పీలుస్తారు. పొర గాజుకు అతుక్కుపోతుంది, నిరోధం వంద కోట్ల ఓములు దాటుతుంది. ఈ అతుకు 1980లో నేయర్‌కు చిక్కింది. కిటుకల్లా శుభ్రమే: అప్పుడే లాగిన గొట్టం, ఒక్కసారికే. కోట్ల రూపాయల ప్రయోగశాలల్లోనూ చాలాచోట్ల ఆ పీల్పు మనిషి నోటిదే కావడం నాకు భలే ముచ్చట. 1991లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఇక రెండు కణాల మధ్య మాట. 1990లో రిచర్డ్ మైల్స్ గినీపిగ్ హిప్పోకాంపస్ ముక్కలో పాతరకం సూదులతోనే ఒక పిరమిడ్ కణాన్నీ ఒక నిరోధక కణాన్నీ జంటగా పట్టాడు. ఒక్క పిరమిడ్ కణం ఒక్కసారి పేలినా చాలు, కొన్ని జంటల్లో నిరోధక కణం పేలేది. రచ్చకట్ట మీద గొంతు లేపినవాడి మోచెయ్యి పక్కనున్న పెద్దాయనకు తగిలి, ఆయన "ఊరకుండండప్పా" అన్నట్టు. ఆయన మాట ఒకరికి కాదు, ఒక బుట్ట కణం వెయ్యికి పైగా పిరమిడ్ కణాలను తాకుతుంది. 1997లో గైగర్, యోనాస్ బృందం నేయర్ రకం గొట్టాలతో ఎలుక మెదడులో ఇలాంటి జంటనే వింటే, బుట్ట కణంలో పుట్టిన కరెంటు సెకనులో వెయ్యో వంతు లోపలే సద్దుమణిగేది. ఆ కణానికి కబురందుకునే ద్వారాలే వేరే రకం, త్వరగా మూసుకునేవి.

రెండో అంచె, అంటే పెద్దాయన గద్దింపు, గాబా అనే రసాయనంతో నడుస్తుంది. అది తాకితే పిరమిడ్ కణం పొరలో క్లోరైడు ద్వారం తెరుచుకుని, కణం నోరు మూతపడుతుంది. మన పల్లెల్లో మూర్ఛకు ఎందరో మింగే గార్డినాల్ మాత్ర పట్టేది అక్కడే. 1989లో గాజుగొట్టం పెట్టి లెక్కపెట్టి చూశారు. మాత్రలోని మందు పడ్డాక ఆ ద్వారం ఎక్కువసార్లేమీ తెరుచుకోదు. తెరుచుకున్నప్పుడల్లా మూసుకోవడానికే కాస్త ఆలస్యం చేస్తుంది.