మీకు తెలుసా? వింబుల్డన్‌ను ఏడుసార్లు గెలిచిన పాస్టరుగారి అమ్మాయి

2025 వింబుల్డన్ మహిళల ఫైనల్లో ఇగా స్వియాటెక్ 6-0, 6-0తో అమాండా అనిసిమోవాను ఓడించినప్పుడు అంతా ఆశ్చర్యపోయారు. అంతకుముందు ఆ ఫైనల్లో ప్రత్యర్థికి ఒక్క గేమ్ కూడా వదలకుండా గెలిచింది ఒకే ఒక్కరు. 1911లో డోరా బూత్‌బీని అదే స్కోరుతో ఓడించిన బ్రిటన్ క్రీడాకారిణి డొరోథియా లాంబర్ట్ ఛాంబర్స్!

* లండన్ దగ్గరి ఈలింగ్‌లో 1878లో ఒక పాస్టరు ఇంట పుట్టారామె. పుట్టింటి పేరు డగ్లస్. ఆ పేరుతోనే 1903, 1904, 1906లో వింబుల్డన్ సింగిల్స్ గెలిచారు. 1907లో పెళ్లయింది. ఆ తర్వాత 1910, 1911, 1913, 1914లో మరో నాలుగు టైటిళ్లు!

* 1908 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల సింగిల్స్ స్వర్ణం ఆమెదే. బ్యాడ్మింటన్‌లోనూ దిట్ట. ఆల్ ఇంగ్లండ్ పోటీల్లో 1903లో మహిళల డబుల్స్, 1904లో మిక్స్‌డ్ డబుల్స్ గెలిచారు.

* మహిళలకు టెన్నిస్ నేర్పేందుకు 1910లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆటకు పనికొచ్చే దుస్తుల గురించి కూడా అందులో చెప్పారు. చీలమండల దాకా జారే స్కర్టులతో ఆడవాళ్లు కోర్టులో పరుగులు తీయాల్సిన కాలమది.

* ఆమె విజయాల జోరుకు అడ్డుపడింది యుద్ధం. 1915 నుంచి 1918 వరకు వింబుల్డన్ జరగలేదు. 1919లో మళ్లీ మొదలయ్యేసరికి ఆమెకు నలభై ఏళ్లు, ఇద్దరు బిడ్డల తల్లి. గత విజేత నేరుగా ఫైనల్ ఆడే నిబంధన అప్పట్లో ఉండేది. ఎదురుగా ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఇరవై ఏళ్ల సుజాన్ లాంగ్లెన్. రాజు ఐదో జార్జ్ చూస్తుండగా ఛాంబర్స్ రెండు మ్యాచ్ పాయింట్ల దాకా వెళ్లారు. ఆ రెండూ చేజారి 10-8, 4-6, 9-7తో ఓడారు. మొత్తం 44 గేములు! వింబుల్డన్ మహిళల ఫైనల్లో అంతకన్నా ఎక్కువ గేములు 1970లో గానీ జరగలేదు.

* ఆ ఓటమితో ఆమె రాకెట్ పక్కన పెట్టేయలేదు. మరుసటి ఏడాది మళ్లీ ఫైనల్ ఆడారు. 1925లో అమెరికాతో జరిగిన వైట్‌మన్ కప్‌లో 46 ఏళ్ల వయసులో బ్రిటన్ తరఫున సింగిల్స్ గెలిచారు. 1928 నుంచి ప్రొఫెషనల్ కోచ్‌గా మారి, తనకు తెలిసింది ఇతరులకు నేర్పారు.

ఛాంబర్స్ 1960లో కన్నుమూశారు. 1981లో అంతర్జాతీయ టెన్నిస్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దక్కింది. స్టెఫీ గ్రాఫ్, సెరెనా విలియమ్స్‌లు వింబుల్డన్‌లో గెలిచిన సింగిల్స్ టైటిళ్లు కూడా ఏడేసే. బ్రిటన్ మహిళల్లో మాత్రం ఆమె ఏడు టైటిళ్ల రికార్డును ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు.