మీకు తెలుసా? పెన్సిల్ గీతతో పెరిగే వోల్టేజీ

గ్రాఫిక్స్ కార్డు వేగం పెంచాలనుకునే కుర్రాళ్లు 2000ల తొలి ఏళ్లలో పెన్సిల్ పట్టుకునేవారు! వోల్టేజీని అదుపు చేసే చిప్ పక్కనున్న ఆవగింజంత రెసిస్టరు మీద గీత గీస్తే, గ్రాఫైటు గుండా కరెంటుకు అడ్డదారి దొరికి నిరోధం తగ్గేది. వోల్టేజీ పడిపోయిందని చిప్ భ్రమపడి ఇంకాస్త ఎక్కించేది; దాంతో కార్డును మరింత వేగంగా నడపగలిగేవారు. వద్దనుకుంటే రబ్బరుతో చెరిపేయడమే. (వారంటీ మాత్రం మళ్లీ రాదు.)

చిక్కంతా వేడితోనే. గ్రాఫిక్స్ చిప్ తాగే పవర్ దాదాపుగా వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 1 వోల్టును 1.1 చేస్తే, వేగం మార్చకున్నా సుమారు 21 శాతం అదనం. మే నెలలో ఎండ 45 డిగ్రీలు తాకే జగిత్యాల జిల్లా రాయికల్‌లో ఏ రేకుల గదిలోనైనా ఫ్యాను ఊదేది వడగాలే. అక్కడ తెలివైన పని వోల్టేజీ తగ్గించడం. దానికి సాఫ్ట్‌వేర్ చాలు, పెన్సిలక్కర్లేదు.