థైరాయిడ్ - నేత్రరక్షణ

జ్ఞానేంద్రియాలలో నయనానికే అగ్రస్థానమిచ్చారు పెద్దలు. అట్టి కంటికి కలిగే రుగ్మతలన్నీ కంటికే పరిమితమైనవి కావు. కంఠంలోని అవటు గ్రంథితో, అనగా థైరాయిడ్ గ్రంథితో, ముడిపడినవీ ఉన్నాయి. సీతాకోకచిలుక ఆకృతిలోని ఈ గ్రంథి స్రవించే హార్మోన్లు జీవక్రియల వేగాన్ని నియంత్రిస్తాయి.

దేహాన్ని రక్షించవలసిన వ్యాధినిరోధక వ్యవస్థ ఒక్కొక్కప్పుడు స్వీయ కణజాలాన్నే శత్రువుగా భావిస్తుంది. అప్పుడు పుట్టిన ప్రతిరక్షకాలు థైరాయిడ్‌ను ప్రేరేపించి హార్మోన్లను అతిగా స్రవింపజేస్తాయి. 1835లో ఐర్లండు వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ వర్ణించినందున దీనికి గ్రేవ్స్ వ్యాధి అనే పేరు వచ్చింది. ఈ దాడి కనుగుడ్డు వెనుకనున్న కండరాలకూ, కొవ్వుకూ సోకితే అవి వాస్తాయి. చుట్టూ ఎముక గోడ ఉన్నందున చోటు చాలక కనుగుడ్డు ముందుకు పొడుచుకువస్తుంది.

తొలిదశలో కళ్ళు ఎర్రబడతాయి, నీరు కారుతుంది, ఇసుక పడినట్లు గరగరలాడతాయి. దీనిని కండ్లకలకగా భ్రమించే అవకాశం ఉంది. అయితే కండ్లకలక సాధారణంగా రెండు మూడు వారాలలో శమిస్తుంది; ఇది నెలల తరబడి వేధిస్తుంది. రెప్పలు ఉబ్బడం, పైరెప్ప పైకి లాగుకొనిపోవడం, ఒకే వస్తువు రెండుగా కనిపించడం దీని ముఖ్య లక్షణాలు. బరువు తగ్గడం, గుండెదడ, చేతుల వణుకు తోడైతే అనుమానం బలపడుతుంది. కొందరిలో థైరాయిడ్ పరీక్ష సక్రమంగా ఉన్నా ఈ నేత్రవ్యాధి రావచ్చు.

రంగులు వెలిసినట్లు తోచినా, చూపు మందగించినా దృక్‌నాడిపై ఒత్తిడి పడుతున్నదని శంకించాలి. రెప్పలు పూర్తిగా మూతపడకపోతే శుక్లపటలం పుండుపడవచ్చు. అట్టి స్థితిలో ఒక్కరోజైనా జాగుచేయక నేత్రవైద్యుని ఆశ్రయించాలి.

హార్మోన్లను సమస్థితిలో ఉంచడం చికిత్సకు పునాది. అంతమాత్రాన కన్ను దానంతట అదే కుదుటపడుతుందనుకోరాదు. దానికి ప్రత్యేక చికిత్స అవసరం కావచ్చు. పొడిబారిన కళ్ళకు కృత్రిమ అశ్రుబిందువులు, ఎండలో చలువ కళ్ళద్దాలు, నిద్రలో ఎత్తైన తలగడ ఉపశమనమిస్తాయి. తీవ్రమైన వాపుకు వైద్యులు స్టెరాయిడ్లు వాడుతారు. 2020లో అమెరికాలో టెప్రోటుముమాబ్ అనే ఔషధానికి అనుమతి లభించింది. వ్యాధి శాంతించిన పిదప మిగిలిన వికారాన్ని శస్త్రచికిత్సతో సరిచేస్తారు. చూపుకే ముప్పు వాటిల్లితే అంతవరకు ఆగరు.

రోగి చేతిలోనే ఉన్న ఔషధం మరొకటి ఉంది: పొగతాగడం మానడం. ధూమపానం ఈ వ్యాధి ముప్పును పెంచుతుంది, తీవ్రతను హెచ్చిస్తుంది, చికిత్స ఫలితాన్ని తగ్గిస్తుంది.

మిడిగుడ్లని పరిహసించడం, కోపిష్ఠి చూపులని నిందించడం రోగిని అద్దానికీ, నలుగురికీ దూరం చేస్తుంది. ఆ చూపు వెనుకనున్న వ్యాధిని గుర్తించి సకాలంలో వైద్యుని వద్దకు పంపినవారే ఆ కంటికి నిజమైన రెప్పలు.