గర్నాలా అవతలి సూరత్

సిరిసిల్ల నుంచో వరంగల్ నుంచో చుట్టాలొస్తే డుమస్ బీచ్‌కు తీసుకుపోయి టమాటా భజ్జీలు తినిపించడం, మర్నాడు రింగ్ రోడ్ మార్కెట్లో చీరలు కొనిపించి రైలెక్కించడం మా సూరత్ లింబాయత్ తెలుగువాళ్ల ఆనవాయితీ. పాత ఊరు చూపిద్దామని ఎవరికీ తోచదు. ఆ మార్కెట్లోనే బట్టల తానుల లెక్కలు రాసే మెహతాజీని నేను. పాత ఊళ్లోని చౌక్ బజార్‌కు పనుండి వెళ్లడమే తప్ప, చూడ్డానికని వెళ్లేవాణ్ణి కాదు.

మొన్న హైదరాబాద్ నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. "మామా, ఇంత పెద్ద ఊళ్లో చార్మినార్ లాంటిది ఒక్కటీ లేదా?" అన్నాడు. "మీ చార్మినార్‌కు మెట్రో పోతదారా?" అన్నాను. కిమ్మనలేదు. 2020లో జేబీఎస్ నుంచి వచ్చిన లైన్ ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. పాతబస్తీ లైన్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన చేశారు. అహ్మదాబాద్‌లో మాత్రం 2022 నుంచే పాత నగరం కింద కాలూపూర్, ఘీకాంటా, షాహ్‌పూర్ స్టేషన్లకు రైళ్లు తిరుగుతున్నాయి.

సూరత్ మెట్రోకు 2021 జనవరిలో భూమిపూజ జరిగింది. రెండు లైన్లు, నలభై కిలోమీటర్ల పైచిలుకు, 38 స్టేషన్లు. నేనిది రాసేనాటికి పనులు సాగుతూనే ఉన్నాయి కాబట్టి, పాత ఊరికి నేను చెప్పే మెట్రో దారిని ఇప్పటికి షేర్ ఆటోలో పోవాల్సిందే. లింబాయత్ వాళ్లకు దగ్గరయ్యేవి రెండో లైన్‌లోని మోడల్ టౌన్, అంజనా ఫార్మ్ స్టేషన్లు. అక్కణ్ణుంచి మజూరా గేట్‌కు పోయి, మొదటి లైన్‌లోకి మారితే చౌక్ బజార్. వానాకాలంలో లింబాయత్ గర్నాలాలో, అంటే రైలు పట్టాల కిందుండే దారిలో, నీళ్లు నిలిస్తే మాకు అవతలి ఊరు దూరమైపోతుంది. రెండో లైన్ స్తంభాల మీద పోయేది కాబట్టి ఆ బాధ ఉండదు.

దారిలో వచ్చే కమేలా దర్వాజా, ఉధనా దర్వాజా, మజూరా గేట్ పేర్లు వినండి. అన్నీ ద్వారాలే, కానీ ద్వారాలు లేవు. 1664లో శివాజీ వచ్చి ఊరిని దోచుకుపోయాక సూరత్‌కు గట్టి గోడ కట్టారు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో దాని బయట ఇంకో గోడ లేచింది, పేరు ఆలంపనా. మేం పొద్దున లేస్తే పడి తిరిగే రింగ్ రోడ్ ఇంచుమించు ఆ బయటి గోడ జాడలోనే ఉంది.

చౌక్ బజార్‌లో దిగగానే తాపీ ఒడ్డున కోట. పోర్చుగీసువాళ్లు ఓడల్లో వచ్చి ఊరిని పదేపదే తగలబెడుతుంటే, గుజరాత్ సుల్తాన్ మూడో మహమూద్ కాలంలో, 1540లలో ఖుదావంద్ ఖాన్ కట్టించాడు. మూలకొకటి చొప్పున నాలుగు గుండ్రటి బురుజులు. గోల్కొండ చూసిన కళ్లకు ఇది ఆనదు. వెంట తీసుకెళ్లిన మావాడు కూడా "ఇంతేనా?" అన్నాడు. ఇది రాజు కాపురముండే కోట కాదురా, రేవుకు కాపలా కోట అన్నాను. చౌక్ నుంచి కపోద్రా దాకా మొదటి లైన్ సొరంగంలోనే పోతుంది, ఆరున్నర కిలోమీటర్ల దాకా. ఆ సందులు చూస్తే ఎందుకో తెలుస్తుంది. రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి ఆగాలి. ఇక స్తంభాలు ఎక్కడ వేస్తారు?

నాకు బాగా నచ్చింది మహిధర్‌పురా. మస్కతి ఆసుపత్రి స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. అక్కడ వజ్రాల వ్యాపారం నడివీధిలో జరుగుతుంది. స్కూటర్ సీటే గద్దె. దలాలు జేబులోంచి తెల్ల కాగితం పొట్లం తీసి, మడత విప్పి, పట్టకారుతో ఒక్కో రాయి ఎత్తి వెలుగులో తిప్పి చూస్తాడు. బేరం కుదరకపోతే పొట్లం మళ్లీ జేబులోకి. మావాడు అరగంట కదల్లేదు. ఇదే మొదటి లైన్ అటు చివర డ్రీమ్ సిటీలో ఆగుతుంది. 2023 డిసెంబరులో ప్రారంభమైన పెద్ద డైమండ్ బోర్స్ అక్కడే ఉంది. అద్దాల భవనం చూడాలంటే అటు పొండి, వ్యాపారం చూడాలంటే ఇక్కడికి రండి.

వజ్రాలతో మనవాళ్లకూ పాత లంకె ఉంది. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే సూరత్ నుంచి గోల్కొండకు పోయే దారిని మజిలీలతో సహా రాసిపెట్టాడు. ఇంగ్లీషువాళ్లు సూరత్‌లో కొట్టు పెట్టకముందే, 1611లోనే, మన బందరులో దిగారు. సూరత్‌కు వచ్చిన ఇంగ్లీషు దొరల్లో కొందరు కతార్‌గామ్ దర్వాజా దగ్గరి సమాధుల్లో ఉన్నారు. శివాజీ వచ్చినప్పుడు ఇంగ్లీషు కొట్టును కాపాడుకున్న జార్జ్ ఆక్సెండెన్‌దీ, ఆయన సోదరుడిదీ గుమ్మటాలతో రెండంతస్తుల సమాధి. డచ్చివాళ్ల శ్మశానంలో మలబారు మొక్కల మీద పన్నెండు సంపుటాలు వేయించిన వాన్ రీడ్ సమాధి అంతకన్నా ఆర్భాటం. బతికుండగా సరుకు కోసం పోటీపడ్డారు, పోయాక గుమ్మటాల కోసం! ఈ సమాధులకైతే రైల్వే స్టేషన్ దగ్గర దిగి ఆటో మాట్లాడుకోవడం మేలు.

ఓపిక లేనివాళ్లు చౌక్ నుంచి ముఘల్ సరాయ్ ఒక్కటైనా చూడండి. షాజహాన్ కాలంలో, 1644లో, బాటసారుల కోసం కట్టిన సత్రం. ఎత్తైన కమాను గుమ్మం, లోపల నడిమి వాకిలి, చుట్టూ గదులు. ఆ గదుల్లో ఇప్పుడు సూరత్ మున్సిపాలిటీ ఆఫీసుంది. ఇంటి పన్ను కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లు తల కూడా ఎత్తరు. ఇదే మున్సిపాలిటీ మా పిల్లలకు తెలుగు మీడియం బడులు నడుపుతోంది. మెట్రో తిరగడం మొదలయ్యాక ఏడాదికొకసారి ఆ బడి పిల్లల్ని మోడల్ టౌన్‌లో ఎక్కించి ఈ వాకిట్లో దించితే, చుట్టాలను ఎక్కడికి తీసుకుపోవాలో మా ఇళ్లల్లో వాళ్లే చెబుతారు.